రోహిణి దాపున పసి సూర్యుడు



కార్తికమాసమున ప్రొద్దు గ్రుంకిన పిదప తూర్పుదిక్కు చూచినచో, చిన్న తారలు ఒక్కచోట గుమిగూడియున్న కృత్తికలు ముందుగా పైకి వచ్చును. పల్లెలలో వీనిని పిల్లలకోడి యందురు. వాని వెనువెంటనే ఎర్రని రోహిణి ఉదయించును. రోహిణియు దాని చుట్టునున్న తారలును బండి ఆకారముగ నున్నవని భావించి మన పూర్వజ్యోతిష్కులు రోహిణీశకట మనిరి. సేద్యము చేయువారిలో ఈ రెంటి పేరు వినని వారుండరు. ఏటేట కృత్తిక కార్తె, రోహిణి కార్తె యని లెక్కించుట వీనినిబట్టియే కదా! అయితే నేడు నేను చెప్పదలచినది ఈ రెంటినిగూర్చి కాదు. ఈ రెంటి నడుమ మన కంటికి కనబడక దాగియున్న ఒక పసి నక్షత్రమును గూర్చి.

రోహిణినుండి కృత్తికలవైపు చూపును మెల్లగ నడిపింపుడు. ఆ దూరములో మూడవ వంతు గడచిన తావున ఆ నక్షత్రమున్నది. ఉత్త కంటికి కనబడు మిక్కిలి మసక తారకంటె నది నలువది రెట్లు మసక. కావున దానిని చూచుటకు చిన్న దుర్భిణియైనను ఉండవలయును. పాశ్చాత్య జ్యోతిష్కులు దానిని టి టౌరి యందురు. వృషభరాశికి లాటిను భాషలో టారస్ అని పేరు. కొన్ని నక్షత్రముల వెలుగు ఒకప్పుడు హెచ్చుచు ఒకప్పుడు తగ్గుచుండును. వానిని చరకాంతి నక్షత్రములందురు. ఒక్కొక్క తారామండలములో అట్టివి కనబడినకొలది ఆర్, ఎస్, టి అని వరుసగ అక్షరములతో గుర్తించుట వాడుక. అనగా వృషభరాశిలో ఆ విధముగ పేరు పొందినవానిలో నిది మూడవది.

ఈ తార కథలో మొదట వచ్చునది ఒక వివాదము. ఒకరు చూచితినన్న వస్తువు మరియొకరికి కనబడలేదు. ఎవరి మాట నిజము? గ్రామమున తగవులు తీర్చు పెద్దలకు ఇట్టి ప్రశ్న క్రొత్తది కాదు. ఈ వివాదము తీరుటకు సుమారు నూరు సంవత్సరములు పట్టినది. తీరినప్పుడు బయటపడిన సంగతి మాత్రము మిక్కిలి గొప్పది. నక్షత్రములు ఆదినుండి ఉన్నవి యున్నట్లే యుండునవి కావనియు, నేటికిని క్రొత్తవి పుట్టుచున్నవనియు తెలిసినది.

1852వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ రాత్రి లండను నగరమున జాన్ రస్సెల్ హైండ్ అను జ్యోతిష్కుడు దుర్భిణితో ఆకాశమును పరీక్షించుచుండెను. రీజెంట్స్ పార్కులో జార్జి బిషప్ అను ధనికుడు కట్టించిన వేధశాల అది. సూర్యుని చుట్టు తిరుగు చిన్న గ్రహములను వెదకుటలో హైండ్ మిక్కిలి నేర్పరి. అప్పటికే అట్టివానిని అనేకము కనుగొని కీర్తి గడించెను. గ్రహములు సూర్యుడు నడచు బాటను అంటిపెట్టుకొనియే సంచరించును. వృషభరాశి ఆ బాటలోనిది. కావున ఆ బాటనున్న తారలను పటములుగ వ్రాసికొని, పటములో లేని చుక్క ఏదైన కనబడునేమో యని ఆయన చూచుచుండెడివాడు. ఊరివారి ముఖములన్నియు ఎరిగిన తలారి క్రొత్తవానిని ఇట్టే పట్టుకొనును గదా! ఆయన పనియు నట్టిదే.

ఆ రాత్రి ఆయనకు ఒక చిన్న నీహారిక కనబడెను. నీహారిక యనగా మంచుతెరవలె మసకగ కనబడు వెలుగు మచ్చ. దాని ప్రక్కనే ఆయన పటములలో లేని చుక్క యొకటి కనబడెను. నీహారికయు చుక్కయు ఉన్న తావును తేదీతో సహా వ్రాసి ప్రకటించెను. ఆ చుక్కయే మన టి టౌరి.

తొమ్మిదేండ్లు గడచెను. 1861లో డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హాగనులో హైన్రిక్ డారెస్ట్ అను పండితుడు ఆ చోటు చూడగా హైండ్ చెప్పిన నీహారిక అచట లేకపోయెను. 1868లో రష్యా దేశమున ఆటో స్ట్రూవె అను మరియొక ప్రసిద్ధుడు చూడగా, కొంచెము ప్రక్కన వేరొక నీహారిక కనబడెను. అదియు కొంతకాలమునకు మాయమయ్యెను. మరల ఎవ్వరికిని నిశ్చయముగ చిక్కలేదు. 1890లో అమెరికాలోని లిక్ వేధశాలలో బర్నమ్, బార్నార్డు అను ఇరువురు 36 అంగుళముల అద్దముగల దుర్భిణితో చూచి, హైండ్ చెప్పిన నీహారికను మిక్కిలి మసకగ మరల గుర్తించిరి. నక్షత్రమును అంటియే మరియొక చిన్న వెలుగు మచ్చ యుండుటయు గమనించిరి. 1895లో అదే బార్నార్డు అదే చోటు చూడగా హైండ్ నీహారిక మరల కానరాలేదు. పిదప ఇరువదవ శతాబ్దమున తీసిన ఛాయాపటములలో నది తిరిగి ప్రత్యక్షమయ్యెను. నేటికిని మంచి దుర్భిణులకు అది కనబడుచునే యున్నది.

ఇందు అబద్ధమాడినవారెవరు? ఒకడు కార్తికమున ఊరి చెరువు చూచి, నిండుగ నున్నదని సాక్ష్యమిచ్చెను. మరియొకడు వైశాఖమున చూచి, అడుగు బీటలు వారినదని సాక్ష్యమిచ్చెను. నెల అడుగకయే తీర్పు చెప్పిన పెద్ద వీరిలో నొకనిని అబద్ధీకుని చేయును. నెల అడిగిన పెద్దకు ఇరువురును సత్యవంతులే యనియు, మారినది చెరువనియు తెలియును. ఆకాశమునందును ఇదియే జరిగినది. హైండ్ తాను చూచినదానిని తేదీతో వ్రాసెను. డారెస్ట్ తనకు కనబడలేదన్న సంగతిని దాచక తేదీతో ప్రకటించెను. కనబడలేదని వ్రాయుటయు సాక్ష్యమే. ఈ రెండు సాక్ష్యములును నిలిచియుండుటచేతనే, మారినది చూచినవారి కన్ను కాదు, నీహారికయే యని తరువాతివారు గ్రహింపగలిగిరి.

ఇక ఆ నీహారిక యేల మారును? అది తనంత తాను వెలుగునది కాదు. అది మిక్కిలి సన్నని ధూళి. పొగలోని రేణువులవంటి రేణువుల మేఘము. ప్రక్కనున్న నక్షత్రపు వెలుగు దానిపై పడి మనకు కనబడుచున్నది. పుష్యమాసమున తెల్లవారుజామున మంచు క్రమ్మియుండగా బండికి లాంతరు కట్టినచో, లాంతరు చుట్టునున్న మంచు తెల్లగ వెలుగును. ఆ వెలుగు మంచుది కాదు, లాంతరుది. లాంతరు దగ్గర ఒక చిన్న పురుగు ఎగిరినచో ఎదుటి గోడపై దాని నీడ పెద్దదై పరుగెత్తును. అట్లే నక్షత్రమునకు అతి సమీపమున ధూళి గుంపులు కదలునప్పుడు, దూరముననున్న నీహారికపై వాని నీడలు పడును. నక్షత్రపు వెలుగే తగ్గినను నీహారిక మసకబారును. నీడ తొలగినను, వెలుగు హెచ్చినను నీహారిక తిరిగి కనబడును.

ఇట్టి నీహారిక ఇదియొక్కటియే కాదు. మోనోసెరాస్ అను తారామండలమున మరియొకటి కలదు. దాని రూపము మారుచుండుటను 1916లో ఎడ్విన్ హబుల్ ప్రకటించుటచేత దానిని హబుల్ చరనీహారిక యందురు. 1949 జనవరిలో అమెరికాలోని పాలొమార్ కొండపై 200 అంగుళముల దుర్భిణి సిద్ధమైనప్పుడు, దానితో తీసిన మొదటి ఛాయాపటము ఈ నీహారికదే.

నక్షత్రపు వెలుగు మారుటను కనిపెట్టుటకు కావలసినది ఓర్పు. ప్రక్క తారలతో పోల్చి, ఈ దినమున ఇంత, ఆ దినమున అంత యని ఏండ్లకొలది వ్రాసికొనవలయును. ఈ ఓర్పు మన దేశమున లేకపోలేదు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులవారు 1867లో దక్షిణాకాశమున రెటిక్యులమను తారామండలములో ఒక నక్షత్రపు వెలుగు మారుచుండుటను కనుగొనిరి. దానికి ఆర్ రెటిక్యులి యని పేరు. అయితే అది ముదుసలి తార. ఉబ్బి, ఎర్రనై, నెలల తరబడి గుండె కొట్టుకొనునట్లు పెరిగి తరుగునది. మన టి టౌరి వెలుగు మారుట అట్టిది కాదు. దానిలో క్రమమే లేదు. పందొమ్మిదవ శతాబ్దమున దాని వెలుగు ఒకప్పుడు నలువది రెట్లవరకు తరిగి మరల పెరిగినది. తరువాతి కాలమున చాలవరకు నిలుకడ చెందినది. ముసలితనము కాకున్న ఈ చాంచల్యమునకు కారణమేమి?

1945లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలయందు ఆల్ఫ్రెడ్ జాయ్ అను పండితుడు ఇట్టి నక్షత్రములను 11 ఏర్చి, వీనిదొక ప్రత్యేక జాతి యని నిరూపించెను. వెలుగు క్రమము తప్పి మారుట, నల్లని ధూళిమేఘముల అంచులనే యుండుట, వర్ణపటమున ప్రకాశమానమైన గీతలుండుట వీని లక్షణములు. ఆ జాతికంతకు టి టౌరి పేరే స్థిరపడినది. అయినను అవి యేమి? కొందరు, ఇవి సామాన్య నక్షత్రములే, త్రోవన పోవుచు ధూళిమేఘమున చొచ్చుకొని కలత చెందినవనిరి. ఆర్మీనియా దేశీయుడైన విక్టర్ అంబర్త్సుమ్యాన్ 1947వ సంవత్సర ప్రాంతమున వేరొక మాట చెప్పెను. ఇవి మేఘమునకు వచ్చిన చుట్టములు కావు, ఆ మేఘమునకు పుట్టిన బిడ్డలే యని ఆయన మతము. గుంపుగ నుండుటయే దానికి గుర్తు. త్రోవన పోవు బాటసారులు ఇంతమంది ఒక్క ఇంటిముందర కనబడరు, పిల్లలైనచో కనబడుదురు.

ఈ మతమునకు బలమైన నిదర్శనము లిథియమను లోహమువలన దొరకినది. నేడు చేతిఫోనుల బ్యాటరీలలో వాడునది ఈ లోహమే. నక్షత్రములో సుమారు 25 లక్షల డిగ్రీల వేడి తగిలినచో లిథియము నశించును. మన సూర్యుని పైపొరలో మొదటనున్న లిథియములో నూటికి ఒక పాలుకూడ నేడు మిగులలేదు. టి టౌరి జాతి నక్షత్రములలో నది సమృద్ధిగ నున్నది. క్రొత్త కుండకు మసి యంటియుండదు. పొయ్యి యెక్కినకొలది నంటును. ఆ గుర్తును చూచి కుండ వయస్సు చెప్పునట్లు, మిగిలిన లిథియమును చూచి ఈ తారలు లేతవని చెప్పగలిగిరి.

నక్షత్రము పుట్టు విధమును క్లుప్తముగ చెప్పెదను. ఆకాశమున నల్లని మేఘములు కలవు. వానిలో హెచ్చుభాగము హైడ్రొజను వాయువు, కొంచెము ధూళి. మేఘములో నొకచోట సాంద్రత హెచ్చినచో, తన బరువునకు తానే క్రుంగి లోనికి కూలును. కూలినకొలది నడిమిభాగము వేడెక్కును. కూలు పదార్థమంతయు తిన్నగ నడుమకు చేరదు. మెల్లగ తిరుగుచుండుటచేత చక్రమువలె పరచుకొనును. నడుమ పసి నక్షత్రము, చుట్టు ధూళిచక్రము. టి టౌరి నేడున్న దశ ఇదియే. మన సూర్యుని కడుపులో హైడ్రొజను హీలియముగ మారుటవలన వెలుగు పుట్టుచున్నది. ఈ పసితారలో ఆ పొయ్యి ఇంకను సరిగ రాజలేదు. తాను కుంచించుకొనుటవలన పుట్టిన వేడితోనే యది వెలుగుచున్నది.

ఇప్పుడు దాని చాంచల్యమునకు కారణములు తెలియును. చక్రమునుండి వాయువు ధారలుగ నక్షత్రముపై పడుచుండును. పడినచోట పొడలు వలె వేడి మచ్చలు మెరయును. ధార హెచ్చిన వెలుగు హెచ్చును, తగ్గిన తగ్గును. నక్షత్రముపై చల్లని నల్లమచ్చలును గలవు. అది తిరుగునప్పుడు అవి ముందుకు వచ్చుచు పోవుచుండును. ధూళి గుంపులు అడ్డము వచ్చినప్పుడు వెలుగు మరుగుపడును. మరియొక వింత కలదు. 1982లో పరారుణ కిరణములు, అనగా కంటికి కనబడని వేడి కిరణములు, పట్టు యంత్రములచేత ఈ తార ప్రక్కనే ధూళిలో మునిగియున్న తోడు తార యొకటి బయటపడెను. పిదప ఆ తోడు కూడ జంట యని తేలినది. హైండ్ ఒక్కటనుకొన్నచోట మూడు పసితారలున్నవి.

ఆ ధూళిచక్రము మనకు ముఖ్యమైనది. సూర్యుని చుట్టు భూమియు గ్రహములును అట్టి చక్రమునుండియే ఏర్పడినవి. ఈ వృషభరాశి మేఘమునందే హెచ్.ఎల్. టౌరి యను మరియొక పసితార కలదు. 2014లో దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఎడారి పీఠభూమిపై నెలకొల్పిన ఆల్మా యను రేడియో దుర్భిణులు దాని చక్రమును చిత్రించినవి. అందు వెలుగు వలయములును, నడుమ నల్లని చాళ్లును స్పష్టముగ కనబడినవి. గ్రహములు రూపు గట్టుకొనుచు ధూళిని ఊడ్చుకొనిన చాళ్లు అవి యని అనేకుల అభిప్రాయము. మనము దున్నుచున్న మన్ను, త్రాగుచున్న నీరు, ఎద్దు డెక్కకు కొట్టు లాడములోని ఇనుము ఒకప్పుడు అట్టి ధూళియే.

ఈ తార యెంత పసిదో తెలియుటకు ఒక లెక్క చెప్పెదను. మన సూర్యుని వయస్సు సుమారు 460 కోట్ల సంవత్సరములు. పూర్ణాయువు సుమారు వెయ్యి కోట్లు. సూర్యుని నూరేండ్లు బ్రతుకు మనుష్యునిగ భావించినచో ఆయనకు నేడు నలువది యారేండ్లు. కృత్తికలు పుట్టి పది పండ్రెండు కోట్ల సంవత్సరములైనది. ఆ లెక్కను అవి ఏడాది బిడ్డలు. రోహిణీశకటములోని తారలు, రోహిణి తప్ప, ఒక్కనాటి తోబుట్టువులు. వానికి ఆరేండ్లు దాటినవి. రోహిణి వారి కుటుంబములోనిది కాదు. ముందువరుసలో నిలిచిన వేరొక పెద్ద తార. ఎర్రబడి ఉబ్బిన వృద్ధ. టి టౌరికి పది ఇరువది లక్షల సంవత్సరములు మాత్రమే. మన లెక్కలో నాలుగు దినములనుండి వారము దినముల పసిగుడ్డు. ఇంకను పురుడు కడుగలేదు. 1852 మొదలు నేటివరకు మానవులు దానిని చూచిన కాలమంతయు ఆ లెక్కలో ఒక నిమిషము కూడ కాదు! ఆ నిమిషములోనే ఒకరికి నీహారిక కనబడినది, ఒకరికి కనబడలేదు. రెప్ప తెరచి మూసిన బిడ్డను చూచి, ఒకరు మేలుకొన్నదనియు ఒకరు నిద్రించుచున్నదనియు చెప్పినట్లు.

మరియొక సంగతి. వెలుగు ఒక సెకనులో సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పోవును. సూర్యునినుండి మనకు చేరుటకు ఎనిమిది నిమిషములకు పైన పట్టును. టి టౌరినుండి చేరుటకు సుమారు 470 సంవత్సరములు. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము పడిపోకముందు, హంపీ వీథులు ఇంకను కళకళలాడు దినములలో బయలుదేరిన వెలుగు నేడు మన దుర్భిణులలో పడుచున్నది.

ఈ తారను ఏ కాలమున చూడవచ్చునందురా? కార్తికము మొదలు మాఘమువరకు రాత్రులందు అది మింటనుండును. మే నెల కడపట రోహిణి కార్తె వచ్చినప్పుడు మాత్రము కనబడదు. ఏలయన, అప్పుడు సూర్యుడే దాని ముందునుండి నడచును; ఆ దినములలో రెంటికిని నడుమ ఎడము సుమారు నాలుగు సూర్యబింబముల వెడల్పు మాత్రమే. రోళ్లు పగులు ఆ ఎండలో మీరు తలపై గుడ్డ వేసికొని పొలము నడుచునప్పుడు ఒక్కమాట తలచుకొనుడు. మీ నెత్తిపైనున్న నడివయసు సూర్యుని వెనుక, ఆ దిక్కుననే మిక్కిలి దూరమున, పుట్టిన దినములలో ఆయన యెట్లుండెనో చూపు ఒక పసి సూర్యుడు ధూళిపొత్తిళ్లలో మెరయుచున్నాడు.

ఇంత జ్ఞానము కలిగినది ఒక రాత్రి ఒక మనుష్యుడు చూచినదానిని తేదీతో వ్రాయుటచేతను, మరియొక రాత్రి మరియొకడు కనబడలేదని నిర్భయముగ వ్రాయుటచేతను, ఇరువురి వ్రాతలను తరువాతి తరమువారు పారవేయక దాచుటచేతను. మీ గ్రామములందును వాన యే నాడు పడినది, చెరువు యే నెలలో నిండినది, బావిలో నీరెన్ని మూరల లోతున నున్నది యను సంగతులు తెలిసినవారు మీరే. వానిని తేదీలతో ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. దానికి దుర్భిణి అక్కరలేదు. మీరు వ్రాసినది ఈనాడు అల్పముగ తోచవచ్చును. మీ మనుమని కాలమున ఇరువురు సత్యవంతులు భిన్నముగ సాక్ష్యము చెప్పినప్పుడు, మీ పుస్తకములోని ఆ తేదీయే తగవు తీర్చును.